వాల్టర్ శాక్సఫోన్, మా చర్చి మర్యాద

2023 ఆగస్టు. న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరోకి దగ్గర్లో, ఒక ఆఫీసు బిల్డింగ్ కింది అంతస్తులో మా క్లినిక్. ఒక పక్క పళ్ల డాక్టరు, ఇంకో పక్క టాక్సులు చూసే ఆయన, మధ్యలో చెవుల వాళ్లం మేము. నేను ఆడియాలజిస్టుని. చెవి ఎంత వినగలదో పరీక్ష చేసి, అవసరమైతే హియరింగ్ ఎయిడ్ అమర్చి, అది ఆ మనిషికి కుదిరేదాకా సవరించడం నా పని. బాపట్ల వెళ్లినప్పుడల్లా మా వాళ్లు "చెవిటి మిషన్ల షాపా అమ్మా?" అని అడుగుతారు. కాదని చెప్పి చెప్పి విసుగొచ్చి, ఈ మధ్య అవుననే అంటున్నాను.

ఆ రోజు నా గదిలోకి వచ్చిన వాల్టర్ గారికి ఎనభై అయిదు దాటాయి. పొడుగాటి మనిషి. జుట్టు తెల్లబడినా దాన్ని నూనె పెట్టి నుదుటి మీద ఎత్తుగా నిలబెట్టే కుర్రతనం మాత్రం పోలేదు. నెల కిందట మా సీనియర్ ఆయన రెండు చెవులకీ హియరింగ్ ఎయిడ్‌లు అమర్చారు. ట్రయల్ గడువు ఇంకా ఉంది కాబట్టి నచ్చకపోతే వాపసు ఇచ్చేయవచ్చు. సీనియర్ సెలవులో ఉండటంతో ఆయన నా దగ్గరికి వచ్చి, డబ్బా బల్ల మీద పెట్టి, "ఇవి మీరే ఉంచుకోండి" అన్నారు. ఆయన ఇంగ్లీషులో అన్నవి నాకు చేతనైన తెలుగులో రాస్తున్నాను. ఆ గరుకు గొంతుని మాత్రం రాయలేను.

"మాటలు సరిగ్గా వినపడటం లేదా?" అని అడిగాను.

"మాటలు బ్రహ్మాండంగా వినపడుతున్నాయి. పక్కింటాయన నా గురించి ఏమనుకుంటున్నాడో కూడా తెలిసిపోయింది. నాకు కావలసింది మాటలు కాదు డాక్, నా శాక్సఫోన్ కావాలి."

ఆయన ఫైలు తెరిచాను. అందులో ఆడియోగ్రామ్ ఉంది. సన్నని శబ్దం నుంచి బొంగురు శబ్దం దాకా ఒక్కో స్థాయిలో చెవి ఎంత మెల్లని శబ్దాన్ని పట్టుకోగలదో చూపించే గీత అది. రెండు చెవుల గీతలూ దిగజారి ఉన్నాయి. కుడి చెవిది మరీ ఎక్కువగా దిగింది. అలా తేడా కనపడితే మేము అలవాటుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "పెద్ద శబ్దాల మధ్య పని చేశారా? ఫ్యాక్టరీ, సైన్యం, అలాంటి నాయిస్ ఏమైనా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "నాయిస్ అనకండి. మా అమ్మా అలాగే అంది, మా పాస్టరూ అలాగే అన్నాడు. కుడి చెవి వెనక మిక్కీ కూర్చునేవాడు, మా డ్రమ్మర్. వాడి సింబల్, ఆ పెద్ద ఇత్తడి పళ్లెం, నా చెవికి జానెడు దూరంలో ఉండేది. మీకు కారణం కావాలంటే మిక్కీ అని రాసుకోండి. పాపం పోయాడు, ఏమీ అనుకోడు."

అప్పుడు కథంతా చెప్పారు. పదిహేడేళ్ల వయసులో నలుగురు స్నేహితులు కలిసి బాండు పెట్టారట. వాల్టర్ శాక్సఫోన్, ఎడ్డీ బాస్ గిటార్, మిక్కీ డ్రమ్స్, ఫ్రాంక్ గిటార్ వాయిస్తూ పాడేవాడు. రాక్ అండ్ రోల్ అప్పుడే పుడుతోంది. రాత్రి రేడియోలో విన్న పాటని పొద్దున్న గరాజ్‌లో వాయించి చూసేవారు. ఫైర్ స్టేషన్ హాళ్లలో, స్కూలు జిమ్‌లలో డాన్సులకి పిలిచేవారు. "తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ మధ్య తాడు కట్టిన హాళ్లు కూడా చూశాను. రెండో పాటకి తాడు ఎక్కడుందో ఎవరికీ తెలిసేది కాదు. పెద్దవాళ్లకి కోపం అందుకే వచ్చింది, శబ్దానికి కాదు," అన్నారు.

అక్టోబరులో, వాళ్లు మొట్టమొదట వాయించిన ఫైర్ స్టేషన్ హాలులోనే ఒక ఆదివారం కార్యక్రమం ఉంది. మిగిలిన ముగ్గురూ కలిసి వాయించడం బహుశా అదే ఆఖరు. డ్రమ్స్‌కి వేరే మనిషిని మాట్లాడుకున్నారు. కానీ వాల్టర్ గారికి శ్రుతి తెలియడం లేదు. హియరింగ్ ఎయిడ్ తీస్తే శాక్సఫోన్ సగం వినపడదు, పెట్టుకుంటే పొడుగు స్వరం మేక అరిచినట్టు వణుకుతోంది. ఎడ్డీ ఒక ఉపాయం చెప్పాడట. శాక్సఫోన్ సోలోలకి పాత రికార్డింగ్ పెట్టేద్దాం, నువ్వు ఊదుతున్నట్టు నిలబడు చాలు అని.

"బొమ్మలా నిలబడమన్నాడు," అన్నారు వాల్టర్. "నా స్నేహితుడు, నా మంచి కోరే అన్నాడు. నేను ఊదుతాను, లేదా ఇంట్లో కూర్చుంటాను. బొమ్మని మాత్రం కాను."

ఆ డబ్బాని ఆయన వైపు నెట్టాను. "గడువు అయ్యేదాకా నాకు టైమివ్వండి. తర్వాత మీరే పారేద్దురు గాని," అన్నాను. నాకు పట్టుదల మెల్లగా వస్తుంది, వచ్చాక పోదు. మా ఆయన ప్రభాకర్ దానికి వేరే పేరు పెట్టాడు, అది ఇక్కడ అనవసరం.

సంగతేమిటంటే, హియరింగ్ ఎయిడ్‌ని మాట కోసం చేశారు. దానికి పాట తెలియదు. అందులో ఫీడ్‌బ్యాక్ క్యాన్సిలర్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. హియరింగ్ ఎయిడ్ ఒక్కోసారి తనంత తాను కూ అని ఈల వేస్తుంది. ఆ ఈలని పసిగట్టి నొక్కేయడం దాని పని. ఒకే స్థాయిలో ఆగకుండా సాగే శబ్దం ఏది వినపడ్డా అది ఈలే అనుకుంటుంది. శాక్సఫోన్ పొడుగు స్వరం కూడా దానికి ఈలే. దొంగని పట్టమని కాపలా పెడితే పెళ్లికొడుకుని పట్టుకున్నట్టు. అందుకని సంగీతం కోసం విడిగా ఒక ప్రోగ్రామ్ చేసి, అందులో ఆ ఏర్పాటుని ఆపేశాను. మిగతా సవరింపులూ బాగా తగ్గించాను. ఎంత పెద్ద శబ్దమైనా చెవిలోకి ఇంతకు మించి పోకూడదని ఒక పైహద్దు ఉంటుంది. అది ఉన్న చెవిని కాపాడేది కాబట్టి దాని జోలికి పోలేదు.

మర్నాడు ఆయన శాక్సఫోన్ తెచ్చుకున్నారు. మా పరీక్ష గదిలోంచి శబ్దం బయటికి పోదన్న ధైర్యంతో ఊదమన్నాను. మా గదులు మెల్లని బీప్‌ల కోసం కట్టినవని అప్పుడు తెలిసింది. పళ్ల డాక్టరు గారి రిసెప్షనిస్టు పరుగెత్తుకొచ్చింది. పాపం కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న పేషెంటు, సూది నోట్లో ఉండగానే అదిరిపడ్డాడట. క్షమాపణలు చెప్పి పంపించాను. వాల్టర్ గారు మాత్రం నవ్వుతున్నారు. స్వరం వణకలేదు.

కానీ ఒంటరిగా ఊదడం వేరు, బాండుతో ఊదడం వేరు. బాండు మధ్య పెట్టి చూడాలి. ఫ్రాంక్ ఫ్లోరిడాలో ఉంటాడు, కార్యక్రమానికి ముందురోజు గానీ రాడు. సరిగ్గా కుదిరిందని తేలేదాకా ఎడ్డీ ముందు ఊదనన్నారు వాల్టర్ గారు. సెలవు నుంచి వచ్చిన మా సీనియర్ "మాట వినపడుతోంది కదా, ఆ వయసులో అది చాలు. పెద్దాయనకి ఆశలు పెట్టకు," అని సలహా ఇచ్చారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. కానీ ఆ వయసులో ఏది చాలో ఆ వయసువాళ్లు చెప్పాలి గాని మనం కాదని నాకు గట్టిగా అనిపించింది.

నాకు తెలిసిన బాండు ఒక్కటే ఉంది. ఎడిసన్ దగ్గర ఒక అమెరికన్ చర్చిలో కింది హాలు అద్దెకి తీసుకుని మా తెలుగు చర్చి నడుస్తుంది. శనివారం సాయంత్రం పాటల ప్రాక్టీసు. కీబోర్డు, గిటారు, డోలక్, పదిమంది పాడేవాళ్లు. సౌండ్ చూసేది మా ప్రభాకరే, వారమంతా సాఫ్ట్‌వేరు, శనాదివారాలు స్పీకర్లు. మా చర్చి సౌండ్ గురించి తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ప్రతి మైకుకీ లోయలో అరిచినంత ఎకో ఉండాలి, కిటికీ అద్దాలు గలగలలాడాలి. నేను వృత్తి ధర్మంగా ప్రతి ఆదివారం తగ్గించమని పోట్లాడతాను. ఎవరూ తగ్గించరు.

ఆ శనివారం వాల్టర్ గారిని తీసుకెళ్లాను. పాటలు నడిపించే రూతక్క ఎదురొచ్చి, "వందనాలండి, రండి రండి," అంటూ ముందు వరసలో దిండు వేసిన కుర్చీలో కూర్చోబెట్టింది. ఎవరో టీ ఇచ్చారు, ఇంకెవరో సమోసా ఇచ్చారు, పిల్లలు "హాయ్ అంకుల్" అంటూ చుట్టూ చేరారు. పాటలు మొదలయ్యాయి. నేను హియరింగ్ ఎయిడ్‌లని సవరించే లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను. రెండో పాటకి ఆయన శాక్సఫోన్ తీసి మెల్లగా కలిశారు. పొడుగు స్వరం నిటారుగా నిలబడింది. రూతక్క కళ్లు తుడుచుకుంది, నేనూ తుడుచుకున్నాను.

"మా రోజుల్లో దీన్ని చర్చి మెట్లెక్కనిచ్చేవారు కాదు," అన్నారాయన, శాక్సఫోన్ నిమురుతూ. ఆయన మాట తెలుగులో చెప్పగానే రూతక్క నవ్వి, "మా ఊళ్లోనూ అంతేనండి. మా తమ్ముడు గిటార్ తెస్తే సంఘ పెద్దలు సాతాను వాయిద్యమని బయటికి పంపేశారు," అంది. నేనది ఆయనకి ఇంగ్లీషులో చెప్పాను. ఇద్దరూ చిన్నప్పటి స్నేహితుల్లా నవ్వుకున్నారు.

రెండు రోజుల తర్వాత వాల్టర్ గారు ఫోన్ చేశారు. ఎడ్డీ గరాజ్‌కి వెళ్లి వాయించారట. "బాస్ మొదలవగానే అంతా పగిలిపోయింది డాక్. నా స్వరం గాజుపెంకుల్లా వచ్చింది. ఎడ్డీ జాలిగా చూశాడు. వాడి జాలి చూశాక నాకు చచ్చిపోవాలనిపించింది." గొంతులో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది.

ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. చర్చిలో అంత బాండు మధ్య నిలబడిన స్వరం, ఒక్క బాస్ గిటార్‌కి ఎలా పగిలింది? అన్నం తింటూ ప్రభాకర్‌ని అడిగాను. "మొన్న సౌండ్ ఎంత పెట్టావు?"

ప్రభాకర్‌కి ఎక్కడలేని గర్వం వచ్చింది. "సగం కన్నా తగ్గించేశా. పెద్దాయన కదా, అందులో చెవులు వీకు. రూతక్క కూడా డోలక్ మెల్లగా కొట్టమని డేవిడ్‌కి ముందే చెప్పింది. హాయిగా లేదూ?"

"ఎవరు తగ్గించమన్నారు నిన్ను!"

"నువ్వే కదా! ప్రతి వారం తగ్గించు తగ్గించు అని నా ప్రాణం తీస్తావు. ఒక్కరోజు మాట వింటే దానిక్కూడా తిట్లేనా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ సాయంత్రం హాయిగా ఉందని నేనూ అనుకున్నాను మరి. ఇన్నేళ్లలో నా మాట విననివాళ్లు, సరిగ్గా వినకూడని రోజున విన్నారు. అతిథి పెద్దాయన కాబట్టి పాటే తగ్గించేశారు, మర్యాద అలాంటిది మాది. ఆయన చుట్టపుచూపుగా వచ్చి ఉంటే బాగానే ఉండేది. ఆయన వచ్చింది బాండు కోసం.

కారణం తెలిశాక మందు తోచింది. హియరింగ్ ఎయిడ్ మైకు లోపలికి తీసుకోగల శబ్దానికి ఒక హద్దు ఉంటుంది. మాటకి ఆ హద్దు ఎప్పుడూ చాలుతుంది. ఆంప్లిఫయర్ పక్కన నిలబడితే చాలదు, శబ్దం గుమ్మంలోనే చితికిపోతుంది. గుమ్మంలో చితికినదాన్ని లోపల ఏ సవరణా అతకలేదు. దీనికి మా వృత్తిలో ఒక పాత చిట్కా ఉంది. మైకు రంధ్రం మీద మామూలు టేప్ ముక్క అతికిస్తే శబ్దం కాస్త తగ్గి లోపలికి పోతుంది, చితకదు. చదువుకునే రోజుల్లో మా టీచరు ఒకావిడ చెప్పగా విన్నాను, ఎప్పుడూ చేసి చూడలేదు.

వాల్టర్ గారు ఇంక రానన్నారు. కారులో వాళ్లింటికే వెళ్లాను. టేప్ చుట్ట చూపించి సంగతి చెప్పాను.

"ఇంత ఖరీదు కంప్యూటర్‌కి టేపా?"

"టేపే."

"మీ చర్చివాళ్లు నా మీద గౌరవంతో మెల్లగా వాయించారా?"

"అవును."

ఆయన గడ్డం గోక్కున్నారు. "నా జన్మలో నన్ను తిట్టి సౌండ్ తగ్గించమన్నవాళ్లు వెయ్యి మంది ఉంటారు. గౌరవించి తగ్గించినవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను," అని లేచి శాక్సఫోన్ పెట్టె అందుకున్నారు.

తర్వాతి శనివారం చర్చిలో ముందుగా మా వాళ్లని కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. రూతక్క ఒప్పుకోలేదు. "ఆయన చెవులు అసలే అంతంత మాత్రం కదమ్మా. మనం ధనధనా వాయించాక ఏమన్నా అయితే ఆ పాపం మనకొద్దు," అంది. పైహద్దు సంగతి చెప్పాను, పాటపాటకీ మధ్య ఆపుతానన్నాను, శబ్దం కొలిచే మీటరు చూపించాను. అయినా తల అడ్డంగానే ఊపింది. చివరికి వాల్టర్ గారే లేచి ఆమె ఎదుట నిలబడ్డారు.

"అమ్మా, ఆదివారం దేవుడి కోసం ఎలా వాయిస్తారో అలా వాయించండి. నా కోసం తగ్గించకండి. నేను అంత పెద్దవాణ్ని కాను," అన్నారు. నేను తెలుగులో చెప్పాను.

రూతక్క వెనక్కి తిరిగింది. "డేవిడ్, కొట్టు నాయనా."

డేవిడ్‌ది వరంగల్. డోలక్ ఒళ్లోకి లాక్కుంటూ, "గట్టిగనే కొట్టాల్నా అక్కా? మొన్న మెల్లగ కొట్టుమంటిరి గదా. మల్ల నన్ననొద్దు," అన్నాడు. ప్రభాకర్ నా వైపు చూస్తూ, ఒక్కో మీటా ఆనందంగా పైకి తోశాడు.

కిటికీ అద్దాలు గలగలలాడాయి. చప్పట్లు మొదలయ్యాయి. మా వాళ్ల చప్పట్లు డోలక్ దెబ్బ మీదే పడతాయి. వాల్టర్ గారు రాక్ అండ్ రోల్ పద్ధతిలో పాదంతో దెబ్బకీ దెబ్బకీ మధ్య తాళం వేస్తూ, పిల్లలకి చేత్తో చూపించారు. ఇక్కడ పుట్టిన పిల్లలు ఇట్టే పట్టుకున్నారు. పాట ఒక్కసారిగా ఒళ్లు విరుచుకున్నట్టయింది. అప్పుడు ఊదారాయన. మొదటి టేప్ ముక్కతో స్వరం ఇంకా కాస్త చిట్లింది. పాట ఆపించి రెండో పొర వేశాను. మళ్లీ మొదలు. ఈసారి చిట్లలేదు. డోలక్ మీదుగా, కీబోర్డు మీదుగా, రూతక్క గొంతు మీదుగా ఆ స్వరం సాగి సాగి, ఊపిరి ఉన్నంతసేపూ వంకర పోకుండా నిలబడింది. ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు. నాకు గుండె నిండిపోయింది, అంతకన్నా వేరే మాట లేదు.

అక్టోబరులో ఆ ఆదివారం మా చర్చి అవగానే అందరం ఫైర్ స్టేషన్ హాలుకి వెళ్లాం. రూతక్క పట్టుచీరలోనే వచ్చింది. హాలు నిండా ఎనభై ఏళ్లవాళ్లు. సగంమంది చెవుల వెనక హియరింగ్ ఎయిడ్లు, కొందరి చేతుల్లో వాకర్లు. నేను రోజూ ఆడియోగ్రామ్ గీతలుగా చూసే మనుషులు వీళ్లే. పదిహేడేళ్లప్పుడు వీళ్లు ఒక కొత్త సంగీతం పక్షాన నిలబడ్డారు, ఇంట్లో తిట్లు తిన్నారు, అయినా దాన్ని వదల్లేదు. అది సముద్రాలు దాటి మా బాపట్ల సినిమాహాలులో క్లబ్బు పాటగా కూడా మోగింది. చిన్నప్పుడు కుర్చీ చేతుల మీద నేను వేసిన ఆ తాళం వీళ్లదేనని ఇన్నాళ్లూ నాకు తెలియనే తెలియదు.

వేదిక మీద ఎడ్డీ గారు లాప్‌టాప్‌లో పాత రికార్డింగ్ సిద్ధంగా పెట్టుకున్నారు. వాల్టర్ గారు వెళ్లి ఆ లాప్‌టాప్ మూత వేసి, తన చోట నిలబడ్డారు. మొదటి పాట మొదలై నాలుగు వరసలు నడిచిందో లేదో, చెయ్యెత్తి ఆపేశారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. టేప్ ఊడిందనుకున్నాను.

"ఎడ్డీ, నీ బాస్ దిగింది," అన్నారు మైకులో.

"నాది సరిగ్గానే ఉంది," అన్నారు ఎడ్డీ.

"లేదు. దిగింది. నాకు వినపడుతోంది."

ఫ్రాంక్ ఆ బాస్ తీగ మీటి చూసి అవునని తల ఊపాడు. చలిలోంచి వెచ్చటి హాలులోకి వచ్చిన తీగలు సడలిపోయాయట. ఎడ్డీ గారికి అది తెలియలేదు. వాల్టర్ గారు వంగి, ఆయన గిటార్ మరని తానే తిప్పి శ్రుతి సరిచేశారు. హాలంతా నవ్వింది. ఆ నవ్వులో "నాకు వినపడుతోంది" అన్న మాట పోయింది గాని, నాకు మాత్రం ఇప్పటికీ వినపడుతూనే ఉంది. తర్వాత వాళ్లు వాయించిన సంగీతానికి వాకర్లు గోడవారగా చేరాయి. రూతక్క కొంగు దోపుకుని చప్పట్లు కొట్టింది, దెబ్బకీ దెబ్బకీ మధ్యలోనే.

ఈ కేసు నా పనిని మార్చింది. ఇదివరకు ఏం వినపడటం లేదని అడిగేదాన్ని, ఇప్పుడు ఏం వినాలని ఉందని అడుగుతున్నాను. పెద్దవాళ్లని గౌరవించడమంటే వాళ్లకి తగ్గించి ఇవ్వడం కాదని కూడా నేర్చుకున్నాను. టేప్ చుట్ట ఒకటి నా బల్ల సొరుగులో ఎప్పుడూ ఉంటుంది.

ఆ నవంబరులో వాల్టర్ గారు ఎడ్డీ గారిని బలవంతాన మా క్లినిక్‌కి లాక్కొచ్చారు. పరీక్ష చేశాను. ఎడమ చెవి గీత బాగా దిగింది. అలవాటు ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఎడ్డీ గారూ, వేదిక మీద మీ ఎడమ పక్కన ఎవరు నిలబడేవారు?"

ఆయన బొటనవేలితో పక్క కుర్చీ చూపించారు. ఆ కుర్చీలో వాల్టర్ గారు చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నారు.

"నేను సారీ చెప్పను," అన్నారు వాల్టర్.

"నిన్నెవడు అడిగాడు?" అన్నారు ఎడ్డీ.